‘ప’ దగ్గర ఆగినవాడు

మార్చి 3

స్టూడియో గేటు పక్కన నోటీసు అంటించారు. ఇక మాటల సినిమాలే తీస్తారట, వచ్చే వారం నటులందరికీ గొంతు పరీక్ష. జాబితాలో మొదటి పేరు నాది.

పదకొండేళ్ళుగా ఇక్కడ పడుతూ లేస్తూ బతికాను. నిచ్చెన మీంచి పడ్డాను, మేడ మీంచి పడ్డాను, కదిలే బండి కింద దొర్లి అవతల తేలాను. గిర్రున తిరిగి పడతానని జనం ‘బొంగరం’ అని పేరు పెట్టారు. ఇన్నేళ్ళలో నన్ను నోరు తెరవమని ఒక్కరూ అడగలేదు. మూగ సినిమా అంత మర్యాదస్తురాలు.

ఇంటికొచ్చేసరికి నా భార్య పియానో మీద కప్పే గుడ్డను మడత పెడుతోంది. థియేటర్లో తెర కింద కూర్చుని పన్నెండేళ్ళు వాయించింది. నా సినిమాలకీ ఆమే. ఇవాళ తెర వెనక ఇంతింత బాకాల్లాంటి స్పీకర్లు బిగించారట. రేపటి నుంచి రానక్కర్లేదన్నారట. గుడ్డ మాత్రం తనదే కాబట్టి తెచ్చుకుంది.

“మీకు పరీక్ష ఎప్పుడు?” అని అడిగింది.

గొంతు పట్టుకుని చూపించాను. జలుబు చేసింది.

మార్చి 4

జలుబు తగ్గలేదు.

మార్చి 6

తగ్గలేదు. అన్నయ్య వచ్చాడు. యజమానితో మాట్లాడి పరీక్ష రెండు రోజులు వెనక్కి జరిపించాడు. నా ఒప్పందాలు చూసేది అన్నయ్యే, పత్రికలవాళ్ళతో మాట్లాడేదీ అన్నయ్యే. బళ్ళో హాజరు పిలిచినప్పుడు కూడా రెండుసార్లు పలికేవాడు, ఒకసారి తనకి, ఒకసారి నాకు. అన్నయ్య పక్కన ఉంటే నాకు కొండంత ధైర్యం.

మార్చి 8

ఈ పుస్తకంలో అబద్ధం రాసి ఎవరిని మోసం చెయ్యాలి? జలుబు లేదు. నాకు నత్తి. ‘క’ దగ్గర కాస్త తడబడతాను, ‘మ’ దగ్గర మూలుగుతాను. ‘ప’ దగ్గర పూర్తిగా ఆగిపోతాను. పెదాలు అతుక్కుపోతాయి, లోపల మాట తలుపు బాదుతూ ఉంటుంది. ఇంట్లో తక్కువ. నా భార్య నా నోటివైపు చూడదు, చేస్తున్న పని ఆపదు, వినడం మాత్రం మానదు.

అయినా బుధవారానికి తగ్గిపోవచ్చు.

మార్చి 11

పరీక్షకి ఇచ్చిన వాక్యం ఇది: “పదండి, పొద్దుపోయింది, పోదాం.”

ఎవరు రాశారో గాని నా మీద పగబట్టి రాశారు.

దీపాలు వెలిగాయి. తల మీద మైకు వేలాడుతోంది. అద్దాల గదిలో చెవులకు డిప్పలు తగిలించుకుని కొత్త ఇంజనీరు కూర్చున్నాడు. కెమెరా తిరిగింది. నేను నోరు తెరిచి “ప” అన్నాను.

అంతే.

కాసేపటికి ఇంజనీరు తలుపు తోసుకుని వచ్చాడు. “వైరు ఊడినట్టుంది,” అంటూ మైకును వేలితో కొట్టి చూశాడు. కాగితం పట్టుకున్నావిడ పక్క నుంచి “పదండి... పదండి...” అని అందిస్తోంది. యజమాని “ఏమైంది? ఏమైంది?” అంటున్నాడు. వెనక నుంచి అన్నయ్య, “జలుబండీ! లేకపోతే గడగడా మాట్లాడేస్తాడు!”

కెమెరా ఆపమని ఎవరికీ తోచలేదు. రీలు దానంతటదే అయిపోయింది.

మార్చి 12

మార్చి 13

మార్చి 16

అన్నయ్య ఉపాయం కనిపెట్టాడు. నేను పెదాలు కదపాలి, కుర్చీ వెనక దాక్కుని ఇంకొకడు మాట్లాడాలి. రైల్వే స్టేషన్లో బళ్ళ రాకపోకలు చెప్పే మనిషిని పిలిపించాడు. బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. నా బక్క ప్రాణానికి ఆ గొంతు తగిలించి రీలు వేశారు. నేను “పదండి, పోదాం” అంటే ఏదో పెద్ద బండి రెండో ప్లాట్‌ఫారం మీదకి వచ్చేస్తున్నట్టే ఉంది. కెమెరా మనిషి ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

బాగుంది అన్నాను. అన్నయ్య అంత కష్టపడ్డాడు మరి.

నా భార్య పియానో గుడ్డను మళ్ళీ విప్పి మడత పెట్టింది.

మార్చి 20

తలుపులాయన ఇంటికొచ్చాడు.

ఆయన దర్శకుడు, నావి ఏడు సినిమాలు తీశాడు. స్టూడియోలో అందరూ వెనకాల ‘తలుపులాయన’ అంటారు, ఆయనకీ తెలుసు. ఎక్కడ పెద్ద గొడవ జరుగుతుందో అక్కడ తలుపు మూసేస్తాడు. కెమెరా ఆ మూసిన తలుపునే చూస్తూ ఉంటుంది. లోపల ఇద్దరు కొట్టుకుంటున్నారని మనకి తెలుసు, కనపడదు. చివరికి తలుపు తెరుచుకుని, టోపీ సర్దుకుంటూ నేను బయటికొస్తాను. జనం ఊహించుకున్న దెబ్బలు నేను పడ్డ దెబ్బల కంటే ఎప్పుడూ ఎక్కువే.

కుర్చీలో కూర్చోగానే, “ఆ పరీక్ష రీలు పదకొండుసార్లు చూశానయ్యా బొంగరం,” అన్నాడు. “నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాను.”

లేచి గుమ్మం వైపు చెయ్యి చూపించాను. ఏడు సినిమాలు కలిసి చేసిన మనిషి! ఆయన కదల్లేదు.

“నిన్ను చూసి కాదు. కూర్చో. తెర మీద నువ్వొక్కడివే ఉన్నావు, నోరు తెరుచుకుని, నీ పాటికి నువ్వు. తెర బయట నలుగురు పరుగులు పెడుతున్నారు. ఒకడు వైరంటాడు, ఒకడు జలుబంటాడు, ఆవిడ అందిస్తుంది. అందరి గొంతులూ పడ్డాయి అందులో. నువ్వు ఆగితే వాళ్ళకి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఆ రీల్లో స్థిమితంగా ఉన్న మనిషివి నువ్వొక్కడివే.”

కూర్చున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడి నా భార్య అడిగింది, “ఎంతసేపు ఆగారండీ?”

“ఇరవై ఆరు సెకన్లు.”

“అయితే జనం ముందు నవ్వుతారు. పది సెకన్లకి ఆ నవ్వు ఆగిపోతుంది. అక్కడే అందరూ కంగారుపడి ఏదో ఒకటి వాయించమంటారు. వాయించకుండా ఊరుకుంటే మళ్ళీ మొదలెడతారు. ఈసారి ఆపడం ఎవరి వల్లా కాదు.”

తలుపులాయన కుర్చీ ఆమెవైపు తిప్పుకున్నాడు. “ఇన్నాళ్ళూ తెర కింద కూర్చుని మీరు చేసిన పని ఇదా అమ్మా?”

“ఆ చీకట్లో ఇంకేం చేస్తానండీ, వాళ్ళ నవ్వులు లెక్కపెట్టుకోవడమే.”

ఆ తర్వాత వాళ్ళిద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు, నేను అక్కడ లేనట్టే.

మార్చి 23

తలుపులాయన కథ చెప్పాడు. ‘ఈ ఉత్తరం మాది కాదు’ అని పేరు.

ఒక మామూలు మనిషి ఇంటికి ఎవరిదో ఉత్తరం వస్తుంది. తిరిగిచ్చేద్దామని ఆ పెద్దింటికి వెళ్తాడు. చెప్పాల్సింది ఒక్క ముక్క: “ఈ ఉత్తరం మాది కాదండీ, పొరపాటున మా ఇంటికొచ్చింది.” భయంతో మొదటి ముక్క మింగేసి, “ప...” దగ్గర ఆగిపోతాడు. గుమ్మం దగ్గరి మనిషి “పెళ్ళికొడుకుగారా!” అని లోపలికి లాక్కెళ్తాడు. ఏదో తప్పు చేసి ఉన్న ఇంటాయన “పోలీసా?” అని కాళ్ళ మీద పడతాడు. పిల్లలు “పంతులుగారు!” అని మంచాల కింద దూరతారు. చూపు ఆనని ముసలావిడ, “పెద్దాడివా? వచ్చేశావా నాయనా?” అని తల నిమురుతుంది. ఎవరూ అతన్ని పూర్తి చెయ్యనివ్వరు. ఎవరి భయం వాళ్ళే, ఎవరి ఆశ వాళ్ళే ఆ ‘ప’కి తగిలించుకుంటారు.

“నవ్వేది నిన్ను చూసి కాదు, ఆగలేనివాళ్ళని చూసి,” అన్నాడు తలుపులాయన.

ఆలోచించి చెప్తానన్నాను. అంటే తలూపాను.

మార్చి 24

అన్నయ్య మండిపడ్డాడు. “నత్తిని ఊరంతా ఊరేగిస్తావా? ముప్ఫయ్యేళ్ళు గుట్టుగా కాపాడుకొచ్చాను రా నిన్ను!”

నిజమే. కాపాడాడు.

వద్దని చెప్పేస్తాను.

మార్చి 25

తలుపులాయన దగ్గరికి వెళ్ళాను. “వద్దు” అనడానికి నాకేమీ అడ్డం లేదు, ‘వ’ నాకు సులువు.

“సరే” అని వచ్చాను.

ఏప్రిల్ 6

షూటింగ్ మొదలైంది. తలుపులాయన కెమెరావైపే చూడటం లేదు. గోడవైపు కుర్చీ వేసుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. సెట్లో ఎవరూ నవ్వకూడదని ఆజ్ఞ. “నవ్వు జనం పని. మన పని మనం చేద్దాం,” అంటాడు. దగ్గరగా ముఖం చూపించమని కెమెరా మనిషి బతిమాలుతాడు. “దూరంగానే ఉండు. ఎక్కడ నవ్వాలో వాళ్ళే వెతుక్కుంటారు.” ఇదివరకు తలుపు వెనక గొడవ మనకి వినపడేది కాదు. ఇప్పుడు గిన్నెలు, చెప్పులు, ముసలావిడ దగ్గు, ఎవరో గాజు సామాను మీద కూర్చున్న చప్పుడు, తర్వాత నిశ్శబ్దం, అన్నీ మైకుకి పెట్టి, చూసేవాళ్ళకి మాత్రం తలుపే చూపిస్తున్నాడు. ఇంజనీరు కూడా మెత్తబడ్డాడు. చెప్పు చప్పుడు చాలలేదని తన చెప్పే విప్పిచ్చాడు.

ఏప్రిల్ 8

ఘోరం జరిగింది. నాకు నత్తి పోయింది.

గుమ్మం ముందు నిలబడ్డాను. ఆగాలి. “పొరపాటున మా ఇంటికొచ్చిందండీ,” అని నీళ్ళు పోసినట్టు అనేశాను. మళ్ళీ తీశారు. మళ్ళీ అనేశాను. నత్తి ఉండాలని ఒకరు కోరుకోవడం నా జన్మలో ఇదే మొదలు, దానికే సిగ్గేసిందో ఏమో, పారిపోయింది.

తలుపులాయన కళ్ళు తెరిచి, “ఇదేంటయ్యా, రేడియోలాగా మాట్లాడుతున్నావు!” అన్నాడు.

“నటిస్తాను,” అన్నాను. ఒప్పుకోలేదు. “దొంగ నత్తి చెవికి తెలిసిపోతుంది. వచ్చినప్పుడే రానీ.”

సినిమా ఆగిపోతుందేమో. అయినా ఇంటికి నడుస్తూ దారి పొడుగునా పప్పు, పలక, పాపాయి, పావురం అనుకుంటూ వచ్చాను. నాకున్నంత సంతోషం ఈ వీధిలో ఎవరికీ లేదు.

ఏప్రిల్ 11

అన్నయ్య ఈ సినిమాకి మొదటిసారి సెట్‌కి వచ్చాడు, నేనేం చేస్తున్నానో చూద్దామని. కెమెరా పక్కన నిలబడ్డాడు.

“ప...”

పంతొమ్మిది సెకన్లు. తలుపులాయన గోడవైపు కూర్చునే రెండు చేతులూ పైకెత్తాడు.

అన్నయ్య రావడమూ, మాట ఆగడమూ ఒకే రోజు జరిగాయి. అంతే.

ఏప్రిల్ 12

అన్నయ్య వచ్చాడు. మాట ఆగింది.

ఏప్రిల్ 13

అన్నయ్య రాలేదు. మాట ఆగలేదు.

ఏప్రిల్ 14

అన్నయ్య వచ్చాడు.

ఏప్రిల్ 15

తలుపులాయన అన్నయ్య కోసం కెమెరా పక్కన ప్రత్యేకంగా కుర్చీ వేయించాడు. “మీరు రోజూ రావాలి సార్, మీరుంటేనే వాడికి ధైర్యం,” అన్నాడు. అన్నయ్య పొంగిపోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తున్నాడు. నాకు ఆయన ముఖం చూడాలంటే కష్టంగా ఉంది.

నా భార్యతో చెప్పాను, అన్నయ్య గురించి నాకేం తెలిసిందో. చాలాసేపు పట్టింది. బట్టలు మడత పెడుతూ విన్నది.

“ఆయనకి మీరంటే ప్రాణం,” అంది చివరికి. “మీ మాట పడిపోతుందేమోనని ఆయనే ముందు పరిగెత్తి పట్టుకుంటున్నారు. మీరు పడ్డం నేర్చుకున్నవాళ్ళని ఆయనకి గుర్తు లేదు.”

ఏప్రిల్ 30

చివరి సన్నివేశం. ఇంటిల్లిపాదీ హాల్లో చేరారు. పెళ్ళి ముహూర్తం, పాఠాలు, అరెస్టు అన్నీ ఒకేసారి నా మీద పడబోతున్నాయి. అప్పుడు నేను చెయ్యెత్తి మొత్తం వాక్యం చెప్పాలి. ఆగాలి, ఆగి చెప్పాలి.

“ఈ ఉత్తరం మాది కాదండీ. ప...”

“పొరపాటున!” అన్నాడు అన్నయ్య, కుర్చీలోంచి.

పాపం, ఆపుకోలేకపోయాడు. మళ్ళీ తీశారు.

“ప...”

“పొరపాటున!”

మూడోసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి వచ్చింది, “పొరపాటున.” సెట్లో ఎవరూ నవ్వలేదు. తలుపులాయన గోడవైపు నుంచి తిరగలేదు. ఆయన చెప్పొచ్చు కదా అన్నయ్యని బయటికి వెళ్ళమని! చెప్పలేదు. ఇది తన పని కాదనుకున్నాడు.

నేను దీపాల కింద నుంచి నడిచి అన్నయ్య ముందుకి వెళ్ళాను.

“అన్నయ్యా. ఉండు.”

“ఏం ఉండమంటావురా! చిన్నప్పట్నుంచీ నీకు—”

“చె... చెప్తాను. నేనే చెప్తాను. నువ్వు విను.”

ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసొచ్చింది నాకు. అన్నయ్యతో “నువ్వు విను” అనడం ఇవాళే. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. జేబులోంచి రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, నోట్లో కుక్కుకున్నాడు.

నాలుగోసారి. “ప” దగ్గర ఆగాను. అన్నయ్య కళ్ళు బయటికి పొడుచుకొస్తున్నాయి, మెడ నరాలు లేచాయి. అయినా రుమాలు తియ్యలేదు. పద్నాలుగు సెకన్లు. నాకు తొందర అనిపించలేదు. మాట ఎక్కడికీ పోదు, వస్తుంది. వచ్చింది.

“పొరపాటున మా ఇంటికొచ్చింది.”

తలుపులాయన లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఆయన భుజం మీంచి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. రుమాలు కుర్చీలో ఉంది.

మే 9

అన్నయ్య ఇంటికి రావడం లేదు. కబురు పంపితే ఒంట్లో బాగాలేదన్నాడట. జలుబట.

మే 12

నా భార్యకి ఉద్యోగం దొరికింది. తలుపులాయన ఫిలిం అతికించే గదిలో ఆమెకో ముక్కాలి పీట వేయించాడు. రీలు తిరుగుతుంటే చెప్తుంది, “ఇక్కడ నవ్వు ఏడు సెకన్లుంటుంది, తర్వాతి మాట అప్పుడే వెయ్యకండి, వినపడదు. ఇక్కడ నాలుగే. ఇక్కడ నవ్వరు, కానీ ఊపిరి పీలుస్తారు, దానికి చోటు వదలండి.” పియానో వాయించేటప్పుడు ఉండే ముఖమే ఇప్పుడూ ఉంది.

మే 17

యజమాని చూశాడు. చివరిదాకా కూర్చుని, లేచి, “నలభై సెకన్లు తలుపు!” అన్నాడు. “పద్నాలుగు సెకన్లు నోరు తెరుచుకున్న మనిషి! కొత్త యంత్రం తెచ్చింది మాట్లాడించడానికా, తలుపులు చూపించడానికా? తీసెయ్యండి అవన్నీ.”

“మాట్లాడేవాళ్ళు అన్ని సినిమాల్లోనూ ఉన్నారు,” అన్నాడు తలుపులాయన. “ఆగేవాడు మన దగ్గరే ఉన్నాడు.”

ఇద్దరూ చాలాసేపు అరుచుకున్నారు. తేలిందేమిటంటే, వచ్చే ఆదివారం మ్యాట్నీకి ఒక్క ఆట ఉన్నదున్నట్టు వేస్తారు. జనం నచ్చక గోల చేస్తే కత్తెర. సినిమాకే కాదు, తలుపులాయనకీ, నాకూ.

మే 23

అన్నం సయించలేదు.

మే 24

ఇవాళ్టిది ఇవాళే రాయాలి.

వెనక వరసలో కూర్చున్నాం, నేనూ, నా భార్యా, తలుపులాయనా. ముందు వరసలో యజమాని. హాలు నిండింది, ‘బొంగరం మాట్లాడతాడట’ అని.

మొదటి ‘ప’కి సన్నగా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు, బళ్ళో విన్నదే. అంతలో గుమ్మం దగ్గరి మనిషి “పెళ్ళికొడుకుగారా!” అన్నాడు. నవ్వు అటు తిరిగింది. నా కళ్ళారా చూశాను, నన్ను వదిలి వాడి మీదకి తిరగడం! ఇంటాయన “పోలీసా?” అనేసరికి కుర్చీలు కిర్రుమన్నాయి. ఇక తలుపు. మొదటి పది సెకన్లు ఏమీ లేదు. గాజు సామాను పగిలింది, గొల్లుమన్నారు. మళ్ళీ నిశ్శబ్దం. నా భార్య నా మోచెయ్యి పట్టుకుని లోలోపల లెక్కపెడుతోంది. తలుపులాయన మాత్రం ఇక్కడా కళ్ళు మూసుకున్నాడు. ముసలావిడ దగ్గు వినపడింది. అంతే, ఎవరో పెద్దాయన నడవలోకి జారి పడి నవ్వాడు.

చివరి సన్నివేశం వచ్చింది. నేను చెయ్యెత్తాను. “ప...”

“పోలీసు!” అని అరిచాడొకడు ముందు నుంచి. “పంతులు!” ఇంకొకడు.

మేడ మీది వరసల్లోంచి ఒకావిడ గొంతు ఖంగుమంది, “ఉండండయ్యా! చెప్పనీండి అతన్ని!”

హాలు సద్దుమణిగింది. ఆరు వందల మంది నా ఒక్క మాట కోసం ఆగారు. ఎవరూ అందించలేదు. నా మాట ఎప్పుడొస్తే అప్పుడే రమ్మని కూర్చున్నారు.

“పొరపాటున మా ఇంటికొచ్చింది.”

ఆ తర్వాత ఏం జరిగిందో సరిగా చెప్పలేను. లేచి నిలబడ్డారు. టోపీలు ఎగిరాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియదు. తెర మీద ముసలావిడ ఉత్తరం చింపి చదివించుకుని, అసలు పెళ్ళికొడుకు రాడని తెలుసుకుని, నన్ను ఎగాదిగా తడిమి చూసి, తలుపు లోపల గడియ పెడుతుంది. ఆ గడియ చప్పుడు ఒక్కరికీ వినపడలేదు.

“అక్కడ ఇంకో తొమ్మిది సెకన్లు వదలాల్సింది,” అంది నా భార్య, కళ్ళు తుడుచుకుంటూ. “ఆరు వందల మంది లేచి నిలబడతారని నా లెక్కలో లేదు.”

యజమాని వెనక్కి వచ్చి తలుపులాయన రెండు చేతులూ పట్టుకుని, “ఇంకో సినిమా. తలుపులు ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకో,” అన్నాడు.

మే 25

నిన్న హాల్లో అన్నయ్య లేడు. అంత జనంలో నేను వెతికింది ఆయన్నే.

జూన్ 7

విడుదలై రెండో వారం. ఇవాళ మ్యాట్నీకి మేమిద్దరమే వెళ్ళి వెనక కూర్చున్నాం. దీపాలు ఆర్పేశాక ఒక మనిషి వంగుకుంటూ వచ్చి ముందు వరస మూలన కూర్చున్నాడు. నడక చూసి పోల్చుకున్నాను. ఇస్త్రీ చొక్కా.

సినిమా అంతా అన్నయ్య వీపునే చూశాను. మొదట్లో ఆ భుజాలు బిగుసుకుని ఉన్నాయి. ఇంటాయన “పోలీసా?” అని పడినప్పుడు ఒకసారి కదిలాయి. తలుపు దగ్గరికొచ్చేసరికి అన్నయ్య కుర్చీ చేతిని బాదుకుంటూ నవ్వుతున్నాడు. నా సినిమా చూసి అన్నయ్య నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నేను పడితే ఎక్కడ దెబ్బ తగిలిందోనని చూసేవాడు.

చివరి సన్నివేశం. “ప...”

ఎవడో కుర్రకారు గుంపులోంచి “పకోడీ!” అన్నాడు. నవ్వారు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. హాలంతటికీ తిరిగి, గొంతు చించుకుని అరిచాడు, “ఒరే, నోరు మూసుకోండి రా! చెప్పనీండి వాణ్ణి! వాడు చెప్పగలడు! వాడికి తెలుసు! కాస్త ఆగితే మీ సొమ్మేం పోతుంది? ముప్ఫయ్యేళ్ళు నేను ఆగలేదు, మీరన్నా ఆగండి!”

ఈలోగా తెర మీద నేను చెప్పాల్సింది చెప్పేశాను. అన్నయ్య కేకలో ఒక్క ముక్క ఎవరికీ వినపడలేదు.

“ఏమన్నాడు? ఏమన్నాడు?” అన్నారు జనం ఒకరినొకరు. తెర మీద గడియ పడింది. దీపాలు వెలిగాయి. అన్నయ్య హాలు మధ్యలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, చేసిన పని అప్పుడే అర్థమై, బిక్కచచ్చి నిలబడ్డాడు.

నేను లేచాను. తలలన్నీ తిరిగాయి. “బొంగరం! బొంగరం!” అన్నారు, తర్వాత వాళ్ళంతట వాళ్ళే ఊరుకున్నారు. స్టూడియో దీపాలు లేవు, మైకు లేదు, అద్దాల గది లేదు. అన్నయ్య నావైపు చూస్తున్నాడు, పెదాలు బిగించి.

“ఈ ఉత్తరం మాది కాదండీ,” అన్నాను. “ప...”

ఆగిపోయాను, నిజంగానే. అన్నయ్య ఆగాడు. హాలంతా ఆగింది. నాకు కావాల్సినంత సేపు తీసుకుని, మిగతాది చెప్పాను.